కరెంటు ముచ్చట: పిల్లగాన్ని బొగ్గుబాయికి పంపాల్నా?

ప్రశ్న: అన్నా, మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణిల పంపు ఆపరేటర్, ఇంక ఆరేండ్ల సర్వీసుంది. కొడుకు ఈయేడు పది పాసైండు, మైనింగ్ డిప్లొమా చేస్తనంటడు. దేశంల సగం కరెంటు బొగ్గు లేకుంటనే వస్తుందని పేపర్ల రాస్తున్నరు. మా మేనల్లుడేమో అదంతా ఉత్తదే అంటడు. ఏది నమ్మాలె?
– ఒక తల్లి

జవాబు: చెల్లె, ఇద్దరూ సగం సగం చెప్పిన్రు. 2025 జూన్ నాటికి దేశంలో కట్టిన కరెంటు కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసుతో పని లేనివే. సోలార్, గాలి, నీళ్లు, అణుకరెంటు అన్నీ కలిపి ఆ లెక్క. కాని సామర్థ్యం వేరు, ఏడాదిలో వచ్చే యూనిట్లు వేరు. యూనిట్ల లెక్క తీస్తే ఇప్పటికీ పదింట దాదాపు ఏడు బొగ్గువే.

మీ దగ్గరనే చూడు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద, 500 ఎకరాల నీళ్లల్ల, 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లు సుత నీళ్ల మీదనే తేలుతయి. అక్కడి పాత బొగ్గు ప్లాంటు 2600 మెగావాట్లు. సోలార్ పగటి పూటదే కాబట్టి ఏడాది సగటున తన సామర్థ్యంలో ఐదో వంతు దరిదాపుల్లోనే ఇస్తది.

నేను హన్మకొండ దిక్కు ఒక సబ్‌స్టేషన్ల ఇరవై ఆరేండ్లు ఆపరేటర్‌గ చేసిన. గంట గంటకు మీటర్ చూసి లాగ్‌బుక్కుల ఆంపియర్లు రాసుడు నా పని. పొద్దుగూకంగనే ఊరి ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊరికి పోయే లైను) మీటర్ ముల్లు లేచేది, ఎండకాలం రాత్రి పది దాటినా దిగకపోయేది. అప్పటికి సోలార్ సున్న. బొగ్గును ఇంకా ఆపలేకపోతున్నరంటే ఆ సాయంత్రం ఒక పెద్ద కారణం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంల 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నయి, అవి కిందికి పోయిన నీళ్లను మళ్ల పైకి తోడగలవు. పగటి ఎండ కరెంటుతోని నీళ్లెక్కించి రాత్రికి వాడుకునుడన్నట్టు. ఇసొంటివి, బ్యాటరీలు పెరిగిన కొద్దీ బొగ్గు తగ్గుతది.

సోలార్ రావాలెనని నేను గట్టిగ కోరుకునేటందుకు వేరే కారణముంది. మా ఫీడర్ కింద ఒక రైతు, కరెంటు రాత్రి రెండింటికిస్తమంటే, టార్చి పట్టుకొని మోటర్ పెట్టబోయిండు. ఒడ్డు మీద పాము కరిచి పానం పోయింది. ఆ రాత్రి లాగ్‌బుక్కుల నా చేతిరాతే ఉంది: ‘2.00, సప్లై ఆన్’. ఎండ కరెంటు మోటర్లకు పగటి పూటనే అందుతది. నాకది మెగావాట్ల కన్న పెద్ద ముచ్చట.

ఇగ మీ పిల్లగాని సంగతి. సింగరేణిల 1990ల మొదట్ల లక్షకు పైగ పర్మినెంటు కార్మికులుండె, ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. ఇదే కాలంల బొగ్గు మాత్రం మూడు రెట్లకు మించి పెరిగి, 2023–24ల 7 కోట్ల టన్నులైంది. ఆ కొలువులు తీసింది సోలార్ కాదు చెల్లె, ఓపెన్‌కాస్టు (పైనుంచే తవ్వే గని) మిషన్లు. మీ ఆయన సర్వీసుకు భయం లేదు. కాని 2070కల్ల నెట్ జీరో, అంటే గాలిల కలిపే కర్బన వాయువులెన్నో అన్ని తీసేసుడు, అని మన దేశం 2021ల గ్లాస్గోల మాటిచ్చింది. అప్పటికి మీవోనికి అరవై దాటుతయి, అంటే వాని కొలువంతా ఈ మార్పు నడుమనే. ఎలక్ట్రికల్ డిప్లొమాల చేర్పియ్యి. మన దిక్కు జైపూర్, చెల్పూరు థర్మల్ ప్లాంట్లల్ల, సబ్‌స్టేషన్లల్ల, సింగరేణే పెట్టుకున్న 200 మెగావాట్లకు పైబడ్డ సోలార్ల, అన్నిట్ల ఆ చదువు అక్కరకొస్తది. వానికి నిజంగ బాయి మీదనే మనసుంటే ఆపకు. తండ్రి బదులు కొడుక్కిచ్చే డిపెండెంట్ కొలువు దొరుకుతదన్న ఒక్క ఆశతోనైతే మాత్రం వద్దు.

ప్రశ్న: డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తున్నం. కరెంటు పోయినా మా ఇంట్ల ఫ్యాన్లు తిరుగుతయా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: బ్యాటరీ లేకుంటే తిరగయి. కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇచ్చేది లైనుకు కలిపే సోలార్‌కు. లైన్ల కరెంటు పోంగనే దాని ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగ మార్చే డబ్బా) దానంతటదే ఆగిపోతది, ఆగాలె కూడ. లేకుంటే మీ డాబా మీది కరెంటు ఎనకకు లైన్లకెక్కి, సప్లై బందుందనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు తగుల్తది. ఎవరన్న ఆ ఏర్పాటును తప్పిస్తమని చెప్తే, వాళ్లతోని పని చేయించుకోకున్రి.