నాలుగు నగరాలకు రైల్ పాస్ అవసరమా?

ప్రశ్న: అమ్మానాన్నలతో ప్రాగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ రైల్లోనే తిరగాలనుకుంటున్నాం. రైల్ పాస్ (కొన్ని రోజులపాటు చాలా రైళ్లకు పనికొచ్చే ఒకే టికెట్) కొనాలా, విడి టికెట్లా? వీసా టెన్షన్ కూడా ఉంది.

జవాబు: ఈ రూటుకి పాస్ దండగండీ. ప్రాగ్ నుంచి వియన్నాకి సుమారు 4 గంటలు, అక్కణ్నుంచి బ్రాటిస్లావా గంట, ఆపైన బుడాపెస్ట్‌కి రెండున్నర, అంతే. రైల్వే సైట్లలో ముందుగా కొంటే విడి టికెట్లే చవగ్గా పడతాయి. అయితే ఈ రైళ్లలో చాలావాటికి టికెట్ కొన్నంత మాత్రాన సీటు దొరికినట్టు కాదు, రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి, పెద్దవాళ్లున్నారు కాబట్టి అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. వీసా ఒక్క షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి పనిచేసే వీసా) చాలు. ఎక్కువ రోజులుండే దేశానికి అప్లై చేయండి, అన్నిచోట్లా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. కరెన్సీకొస్తే చెక్‌లో (ప్రాగ్) కొరునా, హంగరీలో (బుడాపెస్ట్) ఫోరింట్, మిగతా రెండుచోట్లా యూరో.