బొమ్మలు చూస్తే చాలదు, ఫారసీ చదవాలి

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చరిత్ర చివరి ఏడాదిలో ఉంది. మధ్యయుగాల పర్షియన్ సచిత్ర రాతప్రతుల మీద, ముఖ్యంగా ‘జామీ అల్ తవారీఖ్’ మీద పరిశోధన చేస్తానంటోంది. ఇది అన్నం పెడుతుందా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: పెడుతుంది, కానీ ఆలస్యంగా. డిగ్రీ కాగానే అమ్మాయి జీతం మీద ఇల్లు ఆధారపడే పరిస్థితి ఉంటే ఈ దారి వద్దు. అయిదారేళ్లు ఆగగలిగితే అడ్డు చెప్పకండి.

ఆమె ఎంచుకున్నది ఆషామాషీ గ్రంథం కాదు. ఇరాన్‌ను ఏలిన మంగోలు ఇల్‌ఖానుల మంత్రి రషీదుద్దీన్ 14వ శతాబ్దం మొదట్లో రాయించిన ప్రపంచ చరిత్ర అది. చైనా, ఫ్రాంకులు (పశ్చిమ ఐరోపావారు), యూదులు, భారతదేశం, చివరికి బుద్ధుడి జీవితం కూడా అందులో ఉన్నాయి. తన రచనలకు ఏటా అరబ్బీలో, ఫారసీలో ప్రతులు తీయించాలని ఇరాన్‌లోని తబ్రీజ్ నగరంలో నిధి ఏర్పాటు చేశాడు. 1318లో ఆయనకు మరణశిక్ష పడింది. 1314-15 నాటి ప్రతి ఒకటి రెండు ముక్కలై, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కొంత, ఖలీలీ అనే ప్రైవేటు కళాసేకరణలో కొంత మిగిలింది. అందులోని కొండలు, చెట్లు చైనా పద్ధతిలో ఉంటాయి. మెరుపు కోసం అద్దిన వెండి కాలక్రమంలో నల్లబడింది. తెలియనివారు దాన్ని చిత్రకారుడు వేసిన నల్లరంగే అనుకుంటారు. పైగా ఆ ప్రతి అరబ్బీలో ఉంది!

అందుకే బొమ్మలంటే ఇష్టమని నేరుగా కళాచరిత్ర కోర్సులో చేర్చకండి. ముందు భాష, అందులోనూ ఉద్యోగానికి పనికొచ్చే ఫారసీ. ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఫారసీ విభాగాలున్నాయి. ఉర్దూ లిపి వచ్చి ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. అచ్చు పుస్తకం చదవడం వేరు, గొలుసుకట్టులా సాగే శికస్తా రాత చదవడం వేరు. ఆ రెండోది వచ్చినవారు తక్కువ, చదవాల్సిన కాగితాలేమో కుప్పలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో, తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్న ఫారసీ సంపదే ఇందుకు సాక్ష్యం. ఉద్యోగావకాశాన్ని నేను చూస్తున్నది అక్కడే, తబ్రీజ్ బొమ్మల్లో కాదు.

ఫారసీ ఎంఏ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కళాఖండాల సంరక్షణ చదివితే మ్యూజియాలు, గ్రంథాలయాల ప్రయోగశాలల్లోనూ ప్రయత్నించవచ్చు. విదేశీ పీహెచ్‌డీ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. జామీ అల్ తవారీఖ్ సచిత్ర ప్రతి ఒకటి మన దేశంలోనే, ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ రజా గ్రంథాలయంలో ఉంది. మూలప్రతిని అడగగానే చేతికివ్వరు కాబట్టి, ఏం చూపిస్తారో ముందే ఉత్తరం రాసి కనుక్కోండి. ఆ ఉత్తరం మీ అమ్మాయి చేతే రాయించండి.