మా అమ్మాయికి ఎంఐటీలో ఎంత శాతం ఛాన్స్ ఉందో చెప్తారా?

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్ఈ, 11 ఇప్పుడే అయిపోయింది. టెన్త్‌లో 96 శాతం, శాట్‌లో 1600కి 1540. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదవాలని. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్, బర్క్‌లీ, ఇలినాయ్ అర్బానా షాంపేన్, జార్జియా టెక్ అనుకుంటున్నాం. ఒక కన్సల్టెంట్ 60 శాతం ఛాన్స్ అన్నారు, ఇంకొకరు 15 అన్నారు, ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో 31 వచ్చింది. ఎవర్ని నమ్మాలి? ప్రొఫైల్ ప్యాకేజీ తీసుకుంటే రీసెర్చ్ పేపర్, ఎన్జీఓ అన్నీ వాళ్లే చూసుకుంటారట, తీసుకోమంటారా? ఈ ఆరింటినీ కంపేర్ చేసి చెప్పండి. ఎక్కడా రాకపోతే పిల్ల కష్టమంతా వృథా అయిపోతుందేమోనని నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు:

అమ్మా, ముగ్గుర్లో ఎవర్నీ నమ్మొద్దు. 60 అన్నాయన అబద్ధం చెప్పాడనీ 15 అన్నాయన నిజం చెప్పాడనీ కాదు, అసలు ఆ నంబర్ లెక్క కట్టడానికి కావాల్సిన సమాచారం వాళ్ల దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ ఇదే సీజన్‌లో వస్తుంది, యూనివర్సిటీ పేర్లు అటూ ఇటూ మారతాయి అంతే, కింద ఉండే భయం మాత్రం మీరు ఆఖరి లైన్‌లో రాసిందే.

ఈ శాతాల అలవాటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. జేఈఈ ర్యాంకు చేతికొచ్చిందంటే పోయినేడు జోసా (ఐఐటీ సీట్ల కౌన్సెలింగ్) క్లోజింగ్ ర్యాంకులు ముందేసుకుని ఏ ఐఐటీలో ఏ బ్రాంచి వస్తుందో దాదాపు చెప్పేయొచ్చు. కాబట్టి అమెరికాకి కూడా అలాంటి లైన్ ఒకటి ఎక్కడో ఉంటుందనీ, అది తెలిసినవాళ్లు మనకి చెప్పట్లేదనీ అనుకుంటాం. ఆ లైన్ లేదు. హార్వర్డ్ అడ్మిషన్ల మీద కేసు నడిచింది కదా, 2023లో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది, ఆ కేసులో బయటపడ్డ లెక్క చూడండి. 2019లో చదువు పూర్తయ్యే బ్యాచ్‌కి 35 వేల పైచిలుకు అప్లికేషన్లు, సీట్లు సుమారు 1600. అప్లై చేసినవాళ్లలో శాట్ మ్యాథ్స్‌లో ఫుల్ స్కోర్ ఉన్నవాళ్లే 3400 మంది, స్కూల్ గ్రేడ్లు పర్ఫెక్ట్‌గా ఉన్నవాళ్లు 8 వేల పైన. అంటే ఫుల్ మార్కుల వాళ్లందరికీ సీట్లివ్వాలన్నా సరిపోవు. మీ అమ్మాయి 1540 ఆమె ఫైలుని పక్కన పెట్టేయకుండా కాపాడుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది. దాన్ని 1570 చేయడానికి మళ్లీ మూడు నెలలు కూర్చోబెట్టకండి దయచేసి.

పైగా మీ లిస్టులోనే ఉన్న బర్క్‌లీ శాట్ చూడనే చూడదు, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నీ అంతే, స్కోర్ పంపినా అడ్మిషన్‌కి లెక్కలోకి తీసుకోరు. మీకు 60 శాతం చెప్పినాయన ఈ ముక్క చెప్పాడా?

ఇంకో లెక్క కూడా పేరెంట్స్ నాతో తరచుగా అంటుంటారు, ముఖ్యంగా నాన్నలు. ఒక్కోదాంట్లో 5 శాతమే అనుకున్నా 20 యూనివర్సిటీలకి వేస్తే ఎక్కడో ఒకచోట తగిలే ఛాన్స్ 64 శాతం అవుతుంది కదా సార్ అని. కాగితం మీద కరెక్టే. కానీ అది లాటరీ టికెట్లకి పనికొచ్చే లెక్క. ఇక్కడ 20 చోట్లకీ వెళ్లేది ఒకే పిల్ల ఫైలు, అదే ట్రాన్స్‌క్రిప్టు (స్కూలు మార్కుల రికార్డు), అవే రికమెండేషన్లు, ఒకచోట ఏది తక్కువ అనిపించిందో మిగతాచోట్లా అదే అనిపిస్తుంది. పైగా 20 చోట్ల అంటే యాభై అరవై చిన్న వ్యాసాలు, 12వ తరగతి బోర్డుకి చదువుకుంటూ అన్ని రాస్తే ఏ ఒక్కటీ మనసు పెట్టి రాసినట్టుండదు. ఆ 5 శాతం కూడా మనది కాదు, అందులో ఆటల కోటాలో పిలిచి తీసుకున్నవాళ్లు, వాళ్ల దేశం పిల్లలు అందరూ ఉంటారు. ఎంఐటీ మొత్తం మీద వందకి నలుగురైదుగురిని తీసుకుంటే బయటి దేశాల పిల్లల్లో వందకి ఇద్దరు అటూ ఇటూగా.

మరి ఏం చూడాలి అంటే, దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీ కామన్ డేటా సెట్ అని ఒక డాక్యుమెంట్ పెడుతుంది, ఫ్రీ. యూనివర్సిటీ పేరుతో పాటు ఆ మాట కొట్టి వెతికితే దొరుకుతుంది. అందులో సీ7 అనే టేబుల్ తెరవండి. మార్కులు, టెస్ట్ స్కోర్, వ్యాసం, రికమెండేషన్, వ్యక్తిత్వం, ఇలా ఒక్కోదాని పక్కన చాలా ముఖ్యం, ముఖ్యం, చూస్తాం, చూడం అని టిక్కులుంటాయి. ఎంఐటీ వాళ్లు చాలా ఏళ్లుగా చాలా ముఖ్యం అనే కాలమ్‌లో టిక్కు పెడుతున్నది వ్యక్తిత్వం ఒక్కదానికే. తర్వాత సీ9లో చేరిన పిల్లల శాట్ రేంజి ఉంటుంది. అమ్మాయి స్కోరు ఆ రేంజి మధ్యలో ఉండి, ఆ యూనివర్సిటీ సగం మందికి పైగా తీసుకునేదైతే వచ్చే అవకాశం గట్టిగా ఉన్నట్టు. స్కోరు సరిపోయి, నలుగురిలో ఒకరినో ముగ్గురిలో ఒకరినో తీసుకుంటే రావచ్చు. పదిమందిలో ఒకర్ని కూడా తీసుకోనిదైతే 1600 వచ్చిన పిల్లకైనా చెప్పలేం అనే మాటే చెప్పాలి. నేను ఈ మూడు మాటలే వాడతాను. కంప్యూటర్ సైన్స్ అయితే యూనివర్సిటీ మొత్తం నంబర్ చూసి మోసపోవద్దు, చాలాచోట్ల ఆ బ్రాంచి నంబర్ దానికన్నా చాలా తక్కువ ఉంటుంది. ఈ పని మీరు కాదు, అమ్మాయి చెయ్యాలి, ఒక శనివారం సాయంత్రం చాలు.

ఇక ప్యాకేజీ. దీని మీద నాకు మొదట్నుంచీ గట్టి అనుమానాలున్నాయి, ఇప్పుడైతే ఇంకా ఎక్కువ. పదో తరగతి లోపు పిల్లలకి కూడా అమ్ముతున్నారు. ఏమిస్తారు? డబ్బు కడితే వేసే జర్నల్‌లో ఒక పేపర్, ఫౌండర్ అండ్ ప్రెసిడెంట్ అని రాసుకోవడానికి ఒక ఎన్జీఓ, రెండు వారాల సమ్మర్ ప్రోగ్రాం సర్టిఫికెట్. అటువైపు కూర్చుని చదివేవాళ్లు ఒక్క సీజన్‌లో వందల ఫైళ్లు చూస్తారు, ఈ మూడూ వరసగా ఉన్న ఫైలు వాళ్లకి కొత్తేం కాదు. పిల్ల పేపర్ మెషీన్ లెర్నింగ్‌తో క్యాన్సర్ కనిపెట్టడం మీద ఉండి, ఆమెకి పాఠం చెప్పిన మ్యాథ్స్ టీచర్ రాసిన రికమెండేషన్‌లో దాని ఊసే లేకపోతే చదివేవాళ్లకి ఏమర్థమవుతుంది మీరే చెప్పండి.

చాలా యూనివర్సిటీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో యాక్టివిటీలకి పది గళ్లు, ఒక్కోదానికి వివరం రాసుకోవడానికి 150 అక్షరాలు, పదాలు కాదు, స్పేసులతో కలిపి అక్షరాలు. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి ఫైల్లో అందరూ మెచ్చుకున్న పెద్ద లైన్ అతని ఎన్జీఓ. నాకు నచ్చింది ఏడో గడిలో దాక్కున్న లైన్: టీచర్ సెలవు పెట్టిన రోజు ఏ క్లాసుకి ఎవరు వెళ్లాలో తేల్చడానికి వైస్ ప్రిన్సిపాల్ పొద్దున్నే అరగంట కాగితాలు తిప్పుతుంటే చూసి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు, స్కూల్లో దాన్ని రెండేళ్లుగా వాడుతున్నారు. ఎవరూ రాయమనలేదు, సర్టిఫికెట్ లేదు, అందుకే ఇంట్లో దానికి విలువ లేదు. దాన్ని మొదటి గడిలోకి తెచ్చాం, వైస్ ప్రిన్సిపాల్ గారు లెటర్‌లో దాని గురించే రాశారు. అది ఫైలంటే. ఒలింపియాడ్‌లో నేషనల్ లెవెల్ దాటిన పిల్లలది వేరే లెక్క, అది నిజంగా బరువున్న విషయం, కానీ అది ప్యాకేజీలో దొరకదు. మీ అమ్మాయి ఎవరూ అడగకుండా ఏం చేస్తుందో మీ మెయిల్లో ఒక్క మాట లేదు. మార్కులున్నాయి, స్కోరుంది, యూనివర్సిటీల పేర్లున్నాయి, పిల్ల లేదు. ఇది మిమ్మల్ని నొప్పించాలని అనట్లేదు, కానీ అనకుండా ఉండలేకపోతున్నాను.

లేనిది ఇంకోటి కూడా ఉంది. డబ్బు. ఆరు యూనివర్సిటీలు రాశారు, ఏడాదికి ఎంత పెట్టగలరో రాయలేదు. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కార్నెగీ మెలన్ లాంటివి అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 85 వేల డాలర్ల పైమాటే, నాలుగేళ్లకి దగ్గరదగ్గర మూడు కోట్లు. ముందు సీటు రానివ్వండి తర్వాత చూద్దాం అంటారు చాలామంది, అది చాలా ప్రమాదం. ఎంఐటీ మన పిల్లలకి కూడా ఎయిడ్, అంటే ఖర్చుకి ఆర్థిక సాయం, అడిగారా లేదా అన్నది చూడకుండా సీటిస్తుంది, ఇచ్చాక అవసరమైనంతా ఇస్తుంది. స్టాన్‌ఫర్డ్ ఇస్తుంది కానీ బయటి దేశాల వాళ్ల విషయంలో అడిగారా లేదా అన్నది అడ్మిషన్ అప్పుడే చూస్తుంది, అప్లై చేసేటప్పుడు అడక్కపోతే తర్వాత నాలుగేళ్లూ అడగటానికి ఉండదు. కార్నెగీ మెలన్ బయటి దేశాల అండర్‌గ్రాడ్ పిల్లలకి ఎయిడ్ ఇవ్వదు. బర్క్‌లీ, ఇలినాయ్, జార్జియా టెక్ స్టేట్ యూనివర్సిటీలు, అక్కడ కుటుంబ ఆదాయం చూసి ఇచ్చే సాయం మీద మనం ఆశ పెట్టుకోకూడదు. అంటే మూడు కోట్లు చేతిలో లేని ఇంటికి మీ ఆరింటిలో మూడు నాలుగు ముందే కొట్టేయాల్సినవి. ఛాన్స్ ఎంత అని అడిగేముందు తేలాల్సింది ఇది. ఇల్లు తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే అది కూడా అమ్మాయికి ఇప్పుడే చెప్పండి, సీటొచ్చాక కాదు.

కంపేర్ చేయమన్నారు. చదువు పరంగా మీ అమ్మాయి స్థాయిలో ఆరింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, ఆరూ చెప్పలేం గుంపులోనే ఉన్నాయి, అదీ అసలు సమస్య. ఇలినాయ్‌లో ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి, కంప్యూటర్ సైన్స్‌లో నేరుగా సీటు రాకుండా వేరే బ్రాంచిలో చేరి తర్వాత మారదాం అనుకుంటే చాలా కష్టం, దానికన్నా ఎకనామిక్స్, లింగ్విస్టిక్స్ లాంటివాటితో కలిపి ఇచ్చే సీఎస్ ప్లస్ కోర్సులు చూడటం మేలు. మీ లిస్టులో గట్టిగా వస్తుంది అనే గుంపులో ఒక్కటీ లేదు. అరిజోనా స్టేట్ లాంటిది, వచ్చేవాళ్లలో ఎక్కువమందిని తీసుకునేది, కనీసం రెండు పెట్టండి, మధ్య గుంపులో మూడు నాలుగు. ఇక్కడి ఆప్షన్ కూడా మూసేయకండి, ఇక్కడ బీటెక్ చేసి ఎంఎస్‌కి వెళ్లడం తక్కువ దారేం కాదు.

ఇప్పుడు ఆఖరి లైన్ గురించి. రాకపోతే వృథా అన్నారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఎకనామిస్టులు 1976లో కాలేజీల్లో చేరిన అమెరికా పిల్లల తర్వాతి సంపాదన చూసి 2002లో ఒక పేపర్ రాశారు. ఒకేలాంటి కాలేజీల్లో సీట్లు తెచ్చుకున్న పిల్లల్లో, పెద్ద పేరున్నదానికి వెళ్లినవాళ్లకీ తక్కువ సెలెక్టివ్ కాలేజీ ఎంచుకున్నవాళ్లకీ జీతాల్లో పెద్ద తేడా కనిపించలేదు, పేద కుటుంబాల పిల్లలకి మాత్రం తేడా కనిపించింది. అది వాళ్ల దేశం పిల్లల మీద చేసిన స్టడీ, మనకి యథాతథంగా వర్తిస్తుందని నేననను. కానీ కాలేజీ తీసుకొచ్చింది అనుకునేదాంట్లో చాలా భాగం పిల్ల ముందే తనతో పట్టుకెళ్లింది అని నేను చూసినదాన్ని బట్టి కూడా అనిపిస్తుంది. 1540 తెచ్చుకున్న పిల్ల, చదువు మీద ఇష్టం ఉన్న పిల్ల, ఆమెకి దారి మూసుకుపోదు అమ్మా. మార్చిలో ఆ నోటీసులు వచ్చే రోజు ఆమె మొదట చూసేది స్క్రీన్ కాదు, మీ మొహం. మీరు ఇప్పట్నుంచే నిద్రపోవడం మొదలుపెట్టండి.

కామన్ యాప్ ఆగస్ట్ 1న తెరుచుకుంటుంది, ఎంఐటీకి, బర్క్‌లీకి వేరే అప్లికేషన్లు. ట్రాన్స్‌క్రిప్ట్ 9 నుంచి అడుగుతారు, స్కూల్లో ఆ మార్కుల రికార్డు ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి, సెలవులు మొదలైతే ఆఫీసులో ఎవరూ దొరకరు. ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టకండి. మీరూ మీ వారూ కూర్చుని ఏడాదికి ఎంత అన్న నంబర్ తేల్చి అమ్మాయికి చెప్పండి, ఆ నంబర్ చూసుకుని ఆమె సొంతంగా ఎనిమిది యూనివర్సిటీల లిస్టు, ఏది ఎందుకో ఒక్కో లైన్‌తో, తనే రాసి తన మెయిల్ నుంచి నాకు పంపమనండి. అది చూసి ఏది ఏ గుంపులోకి వస్తుందో ఆమెతోనే మాట్లాడతాను.