మేనమామగారి పాత కానన్ ఎఫ్‌డీ 70–210 జూమ్ లెన్స్ ఇప్పటి కెమెరాకు పనికొస్తుందా?

మీ మేనమామగారు వాడిన కానన్ ఎఫ్‌డీ 70–210 ఎఫ్/4 లెన్సును మీరు కొత్తగా కొన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకు తగిలించి పక్షుల ఫొటోలు తీయవచ్చా, లేక దాన్ని అమ్మేసి కొత్త జూమ్ కొనుక్కోవాలా అని బరంపురం నుంచి అడిగారు. అమ్మకండి. ఇచ్ఛాపురంలో ఉంటూ అదే లెన్సుతో మా దగ్గరి తేలుకుంచి ఊళ్లో పక్షులను తీస్తున్నవాడిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

తగిలించడం పెద్ద పనేమీ కాదు. 1987లో కానన్ ఈఓఎస్ కెమెరాలను తెచ్చి ఎఫ్‌డీ మౌంటును (లెన్సును కెమెరాకు బిగించే అమరికను) పక్కన పెట్టేయడంతో ఈ లెన్సులు దిక్కులేనివయ్యాయి. ఎఫ్‌డీ మౌంటుకూ ఫిల్ముకూ మధ్య దూరం 42 మిల్లీమీటర్లు, ఈఓఎస్‌లో 44. అందుకే లోపల అద్దం ఉండే ఈఓఎస్ డీఎస్‌ఎల్‌ఆర్‌ కెమెరాకు పెడితే లెన్సు ఉండవలసినదానికన్నా దూరంగా పడి, లోపల గాజు ఉన్న అడాప్టర్ (మధ్యలో బిగించే జోడింపు ముక్క) లేనిదే దూరపు వస్తువు ఫోకస్ కాదు. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ దూరం 20 మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో ఉంటుంది కనుక గాజు లేని మామూలు అడాప్టర్ చాలు. లెన్స్ లేకున్నా షటర్ పనిచేసే సెట్టింగును మెనూలో ఆన్ చేయండి, అడాప్టర్ రింగును లాక్ వైపు తిప్పండి. ఈ రెండోది మరిచిపోతే అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగును ఎంత తిప్పినా లోపలి రేకులు కదలవు.

ఆటోఫోకస్ లేని లెన్సుతో పక్షులేమిటని మీ మిత్రులు నవ్వుతారు, నవ్వనివ్వండి. పోయిన వర్షాకాలం తేలుకుంచిలో చింతచెట్టు పైకొమ్మన ఒక నత్తగుల్ల కొంగ గూటి మీద నిలబడి పిల్లకు మేత పెడుతోంది. నా పక్కనున్న కుర్రవాడి ఖరీదైన కొత్త లెన్సు, మాకూ పక్షికీ నడుమ ఊగుతున్న రెమ్మలనే పట్టుకుని ముందుకూ వెనక్కూ పరుగులు పెడుతుంటే అతను చిరాకు పడుతున్నాడు. నేను ఎడమ అరచేతిలోని రింగును లాగి ఫ్రేము సరిచూసుకుని, అదే రింగును పిసరంత తిప్పేసరికి ముందున్న రెమ్మలు పచ్చని పొగలా కరిగిపోయి, వాటి వెనుక కొంగ ముక్కు స్పష్టంగా తేలింది. ఆ పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. ఆ సందులోంచి వెనుకనున్న మబ్బు తునక కూడా ఫొటోలో పడింది. జూమ్‌కు ఒకటి, ఫోకస్‌కు ఒకటి అని రెండు రింగులు పెట్టడం మొదలైన నాటి నుంచే జూమ్ లెన్సుల తయారీ దిగజారిందని నా గట్టి నమ్మకం. పైగా ఇది 70 దగ్గరైనా 210 దగ్గరైనా ఎఫ్/4గానే, అంటే ఒకే వెలుతురు ఇస్తూనే, ఉంటుంది. నేటి చౌక జూములు దూరానికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గించుకుంటాయి, మబ్బుపట్టిన రోజున ఆ తేడా ఇంతా అంతా కాదు. లెన్సును చెట్టుపైకి ఎత్తినప్పుడు పాతబడిన జూమ్ తనంతట తాను జారుతుందన్నది నిజమే కానీ, చెయ్యి రింగు మీదే ఉన్నవాడికి అదొక సమస్యే కాదు.

అసలు చూడవలసింది బూజు. రెండు మూతలూ తీసి, అపెర్చర్‌ను 4 దగ్గర పెట్టి, ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. అద్దాల అంచుల్లో సన్నని పోగులు కనబడితే, అది పూతను తినేయకముందే బాగుచేసేవారికి చూపించండి. తినేశాక మచ్చ ఎంత తుడిచినా పోదు. పాత లెన్సులు అమ్మేవారు పైతొడుగు ఫొటో ఒక్కటే పెట్టి కొత్తదానిలా ఉందని రాసేస్తారు కానీ, టార్చి వేసి తీసిన ఫొటో అడిగితే మాత్రం జవాబివ్వరు. మన తీరప్రాంతపు చెమ్మ సంగతి మీకు తెలియనిది కాదు. దానితో వచ్చిన తోలు సంచి ఎంత ముచ్చటగా ఉన్నా లెన్సును అందులో ఉంచకండి, తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వాటిని తరచూ మార్చండి.