ఊరంతా చుట్టేయకండి, కొలిమి దగ్గర కాసేపు ఆగండి

ప్రశ్న: పాతకాలపు ఊరిని మళ్లీ కట్టి, ఆనాటి బట్టల్లో మనుషులు పనులు చేసి చూపించే లివింగ్ హిస్టరీ విలేజ్‌కి ఈ సెలవుల్లో ఒకరోజు వెళ్దామనుకుంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి పద్నాలుగు. పాప ఇప్పటినుంచే "మ్యూజియమా, బోర్" అంటోంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అక్కడివాళ్లతో ఏం మాట్లాడాలో కూడా తెలియదు. రోజంతా ఎలా గడపాలో చెప్తారా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండి. కాకపోతే అంతా చూసి రావాలన్న పట్టుదల పెట్టుకోకండి. మొదటిసారి మేం చేసిన తప్పు అదే. మ్యాప్ పట్టుకుని ప్రతి ఇంటి గడపా తొక్కాం, సాయంత్రానికి కాళ్లు పీక్కుపోయాయి, ఇంటికొచ్చాక ఏం గుర్తుందని పిల్లల్ని అడిగితే ఇద్దరూ చెప్పింది కమ్మరి కొలిమి ఒక్కటే. వాన పట్టుకోవడంతో అక్కడ అరగంట ఆగిపోయాం మరి!

అందుకే గేటు దగ్గరే ఏ పని ఏ టైమ్‌కి చూపిస్తారో కనుక్కుని రెండో మూడో ఎంచుకోండి. పొద్దున్నే వెళ్తే జనం తక్కువ, పనివాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. కొలిమి దగ్గర అంత చీకటిగా ఎందుకుందో బాబునే అడగనివ్వండి. ఇనుము కాగేకొద్దీ ముదురు ఎరుపు నుంచి నారింజ, పసుపు రంగుల్లోకి మారుతుంది, సమ్మెట ఎప్పుడు వెయ్యాలో కమ్మరి ఆ రంగు చూసే పోల్చుకుంటాడు, వెలుతురు ఎక్కువైతే ఆ తేడా కంటికి ఆనదు. ఇలాంటిది ఒక్కటి తెలిస్తే చాలు, వాడు అక్కడినుంచి కదలడు. ఇది ఏ సంవత్సరంది అని అడిగితే ఒక్క ముక్కలో జవాబొస్తుంది. మగ్గం మీద పడుగు దారం తెగితే ఏం చేస్తారు, ఈ ఇంట్లో నా వయసు పిల్లాడు పొద్దున లేచి ఏ పని చేసేవాడు అని అడిగితే మాత్రం చేతిలో పని ఆపి మరీ చెప్తారు.

మాట్లాడటంలో రెండు పద్ధతులున్నాయి, ఇది పిల్లలకి ముందే చెప్పండి. కొందరు అచ్చం ఆ కాలం మనిషిలాగే మాట్లాడతారు, ఫోన్ చూపిస్తే అదేమిటని అడుగుతారు. ఇంకొందరు పాత బట్టల్లో ఉన్నా ఇప్పటి మనుషులుగానే వివరిస్తారు. అమెరికాలోని ప్లిమత్ పటక్సెట్‌లో రెండూ చూడొచ్చు. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ వలసదారుల ఊళ్లో ఉన్నవాళ్లు పాత్రధారులు. స్థానిక తెగల ఇళ్ల దగ్గర ఉండేవాళ్లది మాత్రం వేషం కాదు, వాళ్లు నిజంగా ఆ తెగల మనుషులే, తమవాళ్ల గురించి ఈనాటి మాటల్లోనే చెప్తారు. అక్కడ పిల్లలు మర్యాదగా ఉండటం చాలా ముఖ్యం.

ఇక మీ పాప. ఆ వయసు పిల్లలకి వస్తువుల కన్నా, ఇక్కడ చూపించనిది ఏంటి అన్న ప్రశ్న బాగా పట్టుకుంటుందని నా నమ్మకం. అమెరికాలోనే కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అని ఒక ఊరుంది, దాన్ని పాత రూపానికి తెచ్చే పని 1926లో మొదలైంది. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనంలో సగానికి పైగా నల్లజాతివాళ్లే, ఎక్కువమంది బానిసలు. వాళ్ల బతుకుని వాళ్ల వైపు నుంచి చెప్పే నల్లజాతి కళాకారులు అక్కడికి వచ్చింది మాత్రం 1979లో. ఈ సంగతి చెప్పి, మీరు వెళ్లే ఊళ్లో ఎవరి ఇల్లు కనిపించడం లేదో, పెద్దింటికి నీళ్లు మోసినవాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లో కనిపెట్టమని పాపకి అప్పజెప్పండి. అసలు ఇలాంటి ఊళ్లకి మొదటి పెద్ద నమూనా స్టాక్‌హోమ్‌లోని స్కాన్సెన్. ఫ్యాక్టరీలొచ్చి పల్లె బతుకు మాయమైపోతోందని ఆర్తూర్ హజీలియస్ అనే ఆయన స్వీడన్ నలుమూలల నుంచి ఇళ్లని విప్పి తెప్పించి, అక్కడి గుట్ట మీద మళ్లీ కట్టించి 1891లో తెరిచాడు. ఇల్లు విప్పి తీసుకెళ్లడం అనగానే మా పెద్దవాడు కూడా ఫోన్ పక్కన పెట్టాడు.

అత్తగారి విషయంలో టెన్షన్ పడకండి గానీ ముందే ఫోన్ చేసి చక్రాల కుర్చీ, లోపల తిరిగే బండి ఉన్నాయేమో కనుక్కోండి. పాత ఇళ్లకి గడపలు ఎత్తు, మెట్లు ఇరుకు, దారులు రాళ్లతో ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆవిణ్ని ప్రతి ఇంటికీ నడిపించకుండా మగ్గం దగ్గరో వంటింటి దగ్గరో నీడలో కూర్చోబెట్టి, పిల్లల్లో ఒకరిని తోడుంచండి. చిన్నప్పుడు తను వాడిన వస్తువు ఒక్కటి కంటపడితే చాలు, ఆవిడే చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు మాత్రం పక్క షోకి టైమైందని తొందరపెట్టకండి.