అద్దకమా, వ్రాతపనా?

ప్రశ్న: మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తుంది. ఇప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. వాళ్ల నాన్నేమో ‘గుడ్డల మీద అద్దకం కూలిపని, అది ఆర్ట్ ఎట్లా అవుతుంది? కావాలంటే బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ)లో పెయింటింగ్ చెయ్యమను’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట సరిచేద్దాం. అద్దకం మచిలీపట్నం పద్ధతి. అక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో వెదురు కలం పట్టి చేత్తో గీస్తారు, దానికి తెలుగులో పాత పేరు వ్రాతపని. కలంకారీ అనే పారసీ మాటకూ కలంతో చేసే పని అనే అర్థం. కాబట్టి ‘పని’ అన్నందుకు పాప నొచ్చుకోనక్కర్లేదు. ‘కూలి’ అన్న మాట దగ్గరే చిక్కు. అందులో కొంత నిజం కూడా ఉంది, తర్వాత చెప్తాను.

కాన్వాసు మీద వేసి ఫ్రేము కడితే ఆర్టు, గుడ్డ మీద రామాయణం వేస్తే చేతిపని అనుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి నాన్నగారి చెవిన వెయ్యండి. వాదన కోసం ఇది చాలు. కోర్సు ఎంచుకోవడానికి మాత్రం పేరు పక్కనపెట్టి పని ఎలా ఉంటుందో చూడాలి.

గంజి లేని గాడా గుడ్డను, అంటే ముతక నూలు గుడ్డను, కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. పాలలో వెన్న తక్కువైతే గీత పక్కలకు పాకుతుంది. చింతబరికె కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుని, దాని మీద కసిమితో నల్లగీత వేస్తారు. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. కలంలోంచి దిగేటప్పుడు పల్చగానే ఉంటుంది. గుడ్డలోని కరక్కాయ వగరుతో ఇనుము కలిశాకే నలుపు తేలుతుంది. సరిగా పులియకపోతే గీత వెలవెలబోతుంది. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి ఒక రోజు ఆగి, పారే నీళ్లలో జాడించి, తర్వాత ఎర్రరంగునిచ్చే వేరుతోనో చెక్కతోనో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలబడుతుంది. జాడించడంలో బద్ధకిస్తే మిగిలిన పటిక పక్కకు పాకి, తెల్లగా ఉండాల్సిన చోటూ ఎర్రబడుతుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. మధ్యలో ఎన్నోసార్లు ఉతుకుడు. ఎంపీసీలో చదివిన కెమిస్ట్రీ ఇక్కడ బాగానే అక్కరకొస్తుంది.

ఇప్పుడు కూలి సంగతి. చాలా చోట్ల గీత గీసేది ఒకరు, రంగు నింపేది మరొకరు. రంగు నింపేవాళ్లకు రోజుకూలీ, పేరు మాత్రం గీసినవాళ్లదే. మీ పాప ఏళ్ల తరబడి రంగులు నింపుతూ కూర్చుంటే నాన్నగారి మాటే నిజమవుతుంది. అందుకే నేర్పేవాళ్లను ముందే అడగండి: గీత ఎప్పుడు చేతికిస్తారు? కసిమి కాచడం, ఉడికించడం నేర్పుతారా? రెడీమేడ్ రంగులు వాడతారా? మూడోదానికి అవునంటే అక్కడ చేరొద్దు.

చదువు విషయానికొస్తే, తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప కళాశాలలో రెండేళ్ల కలంకారీ సర్టిఫికెట్ కోర్సుంది. టెన్త్ అర్హతతో చేరే నాలుగేళ్ల డిప్లొమాల్లో రాతి శిల్పం, లోహ శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం వంటివి ఉన్నాయి. బీఎఫ్ఏకు ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. కడప ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో సీటు కోసం ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పాపకు బొమ్మకన్నా గుడ్డ, రంగు మీద మనసుంటే ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చూడండి. దాని పరీక్ష వేరు, ప్రకటన చాలా ముందే వస్తుంది, ఎంపీసీ పరీక్షల హడావుడిలో తేదీ దాటిపోతుంది.

నన్నడిగితే ఈ ఏడు ఏడీసెట్ రాయించి బీఎఫ్ఏలో చేర్చండి, కలంకారీని సెలవుల్లో సాగనివ్వండి. డిగ్రీ ఉంటే రేపు ఎంఎఫ్ఏకు, పాఠం చెప్పే ఉద్యోగానికి దారి ఉంటుంది. సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఆ దారులు తెరుచుకోవు.

పరీక్షలైపోయాక ఫలితాలొచ్చే లోపు ఒక మీటరు గుడ్డ మీద మొదటి నుంచి చివరిదాకా అన్ని పనులూ ఆమె చేతే చేయించండి. బొమ్మ గీసేటప్పటి ఉత్సాహం లెక్కలోకి రాదు, అది అందరికీ ఉంటుంది. మూడోసారి ఉతికేటప్పుడు ముఖం చూడండి. ప్రతి దశలో ఫోటో తీసి దాచమనండి, ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో అడిగితే చూపడానికి పనికొస్తాయి. గాడా గుడ్డ కొనగానే కలం పట్టనివ్వొద్దు. గంజి పూర్తిగా వదిలేదాకా ఉతకాలి. లేకపోతే కరక్కాయ సమంగా పట్టదు, నలుపు ఒకచోట ముదురుగా, ఒకచోట పల్చగా వస్తుంది.