సమాధానం: పిడి ఊగడానికి కారణం లక్క, తుప్పుకి కారణం ఒర

అన్నా, కళింగపట్నంలో చేపల వేటకి పట్టుకెళ్లే కత్తి పిడి ఊగుతోందని, తోలు ఒరలోనే ఉంచినా తుప్పు వస్తోందని రాశారు. ఆ ఒరే దొంగ. తోలు ఉప్పునీ తేమనీ పీల్చుకుని ఇనుముకి పట్టిస్తుంది. ఒర వేటదాకానే, ఇంట్లో నూనె గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇక పిడి. లారీ కమాను పట్టీతో కొట్టిన కత్తికి మన కమ్మర్లు చాలామంది పిడి అతకడానికి లక్క పోస్తారు. అది సుమారు 75–80 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండకి పెళుసెక్కి పగులుతుంది. అలుగుకి, అంటే కోసే రేకుకి, మందపాటి గుడ్డ చుట్టి, పిడిని మాత్రం మరిగే నీళ్లలో 10 నిమిషాలు ముంచి, మెలితిప్పుతూ లాగండి. మంట మీద పెట్టొద్దు, ఇనుము నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు.

పిడి కన్నంలో పాత లక్క గీకేయండి. పిడిలోకి దూరే ఇనుప మొనని 80 నంబరు ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. తర్వాత చెక్క పిడిని నీడలో కనీసం 3 రోజులు ఆరబెట్టాలి. అందరూ తొందరపడేది ఇక్కడే: తడి చెక్కకి అరాల్డైట్ జిగురు పట్టదు. ఆ జిగురు రెండు ట్యూబులూ సమానంగా కలిపి కన్నం సగం నింపి, మొనని మెల్లగా దించండి. గాలి బుడగలు పైకి రావాలి. 24 గంటలు కదపకండి.

అలుగు మీద తుప్పుకి 400 నంబరు ఎమెరీ, రెండు చుక్కల నూనె చాలు. చింతపండు రాసి వదిలేస్తే అంచుని తినేస్తుంది. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవండి.